సముద్రం దగ్గర నెలన్నరకి ఇల్లు కావాలా? ముందు నీళ్ళు నోట్లో పోసుకోండి

మా చెల్లెలి వాళ్ళది ఊరూరా తిరిగే సంసారం. మా మరిదిగారిది లాప్‌టాప్ ఉద్యోగం, ఎక్కడ కూర్చుని చేసినా ఒకటే. పుణెలో ఇల్లు ఖాళీ చేసి, సగం సామాను అమ్మేసి, మిగతాది మా మేడ మీద గదిలో పడేసి, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని ఒక ఊళ్ళో నెల, ఇంకో ఊళ్ళో రెండు నెలలు అన్నట్టు ఉంటున్నారు. మైసూరు అయింది, అరకు అయింది. కిందటేడు డిసెంబర్లో గుంటూరు వచ్చి బ్రాడీపేటలో మా ఇంట్లో దిగి, "అక్కా, ఈసారి ఏదన్నా ట్రాపికల్ బీచ్ పక్కన ఉందామనుకుంటున్నాం" అంది. అదేంటే అంటే ఫోన్లో ఏవో దీవుల ఫొటోలు చూపించింది. మన సూర్యలంక కూడా దాదాపు 16 డిగ్రీల అక్షాంశం మీదే ఉంది, అదీ ఉష్ణమండలమేగా, గంటన్నరలో వెళ్ళిపోవచ్చు అని నోరు జారాను. అంతే, ఇల్లు వెతికే పని నా మెడకు చుట్టుకుంది.

నాలుగుసార్లు తిరిగాం, పదకొండు ఇళ్ళు చూశాం. ఆ తర్వాత మా వీధిలోనే ముగ్గురు "ఎలా పట్టుకున్నారు, ఎవర్నడగాలి" అని అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పలేక రాస్తున్నా.

ముందు ఏ తీరమో తేల్చుకోండి. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల సుమారు 50 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి సూర్యలంక ఇంకో 9. రైల్లో అయితే గుంటూరు వాళ్ళు తెనాలి వెళ్ళి మద్రాసు లైను పట్టుకోవాలి. విజయవాడ వాళ్ళకి అదే లైన్లో తెనాలి, బాపట్ల, చీరాల వరసగా తగులుతాయి. చీరాల్లో దిగితే వాడరేవు ఆటో దూరం. మచిలీపట్నం దగ్గర మంగినపూడి కూడా ఉంది. విజయవాడ నుంచి రోడ్డు బాగుంటుంది గానీ అక్కడ ఇసుక కంటే నల్లమట్టి ఎక్కువ. మా చెల్లెలి పిల్లలకి ఇసుకలో కోటలు కట్టడం తప్ప ఇంకో ధ్యాస లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాం.

తర్వాత ఫోన్లో వెతకడం. వెతకండి, కానీ డబ్బులు మాత్రం పంపకండి. మాకు ఒక బ్రోకరు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి మా చెల్లెలు ఎగిరి గంతేసింది. వరండా, ఉయ్యాల, ఎదురుగా సముద్రంలోకి దిగుతున్న ఎర్రటి సూర్యుడు. "టోకెన్ 2,000 పంపితే ఇంకెవరికీ చూపించను" అన్నాడు. మా మరిదిగారు పంపేశారు కూడా. నేను సాయంత్రం ఆ ఫొటో చూసి నెత్తి కొట్టుకున్నా. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలోకి దిగడు కదండీ! పైగా ఆ ఫొటోలో ఓ పక్కన కొండ. బాపట్ల ఒడ్డున కొండ ఎక్కడిది? కనుచూపు మేర చదును నేల, ఇసుక, సరుగుడు తోటలు. ఒడ్డున నల్ల బండరాళ్ళు కనపడ్డా అనుమానించాల్సిందే. ఆ 2,000 మళ్ళీ కంటపడలేదు. ఆ ఇల్లు ఏ గోవాలోదో ఏమో, ఓనరుకైనా తెలుసో లేదో.

ఇళ్ళు దొరికేది అక్కడికి వెళ్ళి అడిగితేనే. ఎవర్నడగాలి? మా అనుభవంలో టు-లెట్ బోర్డుల కంటే పనికొచ్చింది ముగ్గురు: బీచ్ రోడ్డులో 20 లీటర్ల వాటర్ క్యాన్లు వేసే కుర్రాడు, గ్యాస్ బండలు దించే అతను, కిరాణా కొట్టావిడ. ఏ ఇంటికి తాళం ఉందో, ఏ ఇంట్లో మనుషులు హైదరాబాద్ వెళ్ళిపోయారో వాళ్ళకి తెలిసినంత బ్రోకర్లకి తెలియదు. క్యాన్లు వేసే కుర్రాణ్ణి ఇంకో ప్రశ్న కూడా అడగండి: "తమ్ముడూ, ఆ ఇంట్లో రోజుకి ఎన్ని క్యాన్లు దించుతావు?" నలుగురున్న ఇంట్లో రోజుకి ఒకటంటే తాగడానికే తీసుకుంటున్నారు. మూడు అన్నాడంటే అన్నం కూడా క్యాన్ నీళ్ళతోనే వండుకుంటున్నారన్నమాట. ఆ ఇల్లు చూడకుండానే వెనక్కి రావచ్చు.

అసలు విషయానికి వచ్చేశా. సముద్రం పక్కన ఇల్లు వెతికేవాళ్ళు అందరూ సముద్రం ఎంత దూరం అని అడుగుతారు. అడగాల్సింది మంచినీళ్ళు ఎంత లోతులో ఉన్నాయని.

మాకు బాగా నచ్చిన ఇల్లు ఒడ్డు నుంచి అరకిలోమీటరు కూడా లేదు. గులాబీ రంగు డాబా, మేడ మీద నిలబడితే అలలు కనిపిస్తాయి. చెల్లెలు అప్పుడే కర్టెన్లు ఏ రంగువి వేయాలో ఆలోచిస్తోంది. నేను కాపలా అతన్ని అడిగి వంటింట్లో పంపు తిప్పి, స్టీలు గ్లాసులో పట్టి ఒక గుక్క పుక్కిలించా. కాస్త చప్పగా ఉన్నాయి, పర్లేదు. బ్యాగులో టీడీఎస్ మీటర్ ఉంది, నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చూపిస్తుంది, ఆన్‌లైన్‌లో కొన్నాం, రెండు మూడు వందలకి వస్తుంది. పెట్టి చూస్తే 640. మన దేశపు తాగునీటి ప్రమాణం 500 లోపు ఉంటే మంచిదంటుంది, వేరే నీళ్ళు దొరక్కపోతే 2,000 దాకా సరిపెట్టుకోమంటుంది. వాడుకకి 640 హాయిగా సరిపోతుంది. అయినా ఎందుకో "ఓసారి మోటారు వెయ్యి బాబూ, గదులు చూసేలోపు ట్యాంకు నిండుతుంది" అన్నా. అతను ఒక క్షణం తటపటాయించాడు. అప్పుడే అర్థమైంది.

నలభై నిమిషాలయ్యాక ట్యాంకులోవి కాదు, మోటారు నుంచి నేరుగా వస్తున్న నీళ్ళు పట్టా. నాలుక మీద పడగానే ఉప్పు. మీటర్ 2,300 చూపించింది. చేతులకి సబ్బు రాసుకుంటే నురగ రాలేదు, తెల్లటి పెచ్చుల్లా చేతికి అంటుకుంది. "స్నానానికే కదా అక్కా" అంటుంది మా చెల్లెలు. రోజుకి నాలుగు స్నానాలు, రెండు బకెట్ల బట్టలు, పైగా సముద్రంలోంచి వచ్చిన పిల్లల్ని మళ్ళీ ఉప్పు నీళ్ళతోనే కడగాలి. జుట్టు కొబ్బరి పీచులా అవుతుందే అన్నా. జుట్టు మాటతో దిగొచ్చింది.

ఎందుకలా జరిగిందో మాకు తర్వాత దిగిన ఇంటి ఓనరు, రిటైర్డ్ మేస్టారు, వాకిట్లో కుర్చీ వేసుకుని చెప్పారు. ఆ ఇసుక నేలలో వాన నీళ్ళు కిందికి ఇంకి, లోపలున్న ఉప్పు నీళ్ళ మీద తేలుతూ నిలబడతాయి, పాల మీద మీగడలా. సముద్రపు నీళ్ళు బరువు, మంచినీళ్ళు తేలిక. లెక్క ప్రకారం సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీళ్ళు నిలిస్తే కింద నలభై అడుగుల దాకా మంచినీళ్ళే ఉంటాయట. పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పు నీళ్ళు అంతకు ఎన్నో రెట్లు పైకొస్తాయి. అందుకే అక్కడ లోతుగా బోరు వేసి పెద్ద మోటారు పెట్టినవాడు ఉప్పు తాగుతాడు, పైపైన చిన్న గుంట తవ్వుకున్నవాడు మంచినీళ్ళు తాగుతాడు. ఆ గుంటల్నే అక్కడ దొరువులంటారు. ఆ పక్క రైతులు దొరువు నీళ్ళతోనే ఇసుకలో కూరగాయలూ వేరుశనగా పండిస్తారు. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు ఆ దొరువునే బాగుచేసి, ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి పైపై నీళ్ళని మెల్లగా ఒక బావిలోకి లాగే పద్ధతి తయారుచేశారు. మేస్టారింట్లో ఉన్నది దొరువు బావే, దానికి అర హార్స్‌పవర్ మోటారు. "పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. అంతకుమించి వెయ్యనివ్వను" అని ముందే షరతు పెట్టారు. ఆ షరతు వినగానే ఈ ఇల్లే అనుకున్నా. నీళ్ళ గురించి అంత కచ్చితంగా ఉండే ఓనరు ఇంట్లో నీళ్ళు బాగుంటాయి.

కాబట్టి పద్ధతి ఇది. వెళ్ళగానే పంపు నీళ్ళు రుచి చూడండి. మోటారు వేయించి, అరగంట ఆగి, ట్యాంకులోవి కాకుండా మోటారు నీళ్ళు మళ్ళీ రుచి చూడండి. మీటర్ లేకపోయినా సబ్బు చాలు. ఇంకో పరీక్ష కూడా ఉంది, అది రాత్రి ఉంటేనే తెలుస్తుంది. వేరే ఒక ఇంట్లో డబ్బిచ్చి ఒక రాత్రి ఉన్నాం. పంపు నీళ్ళతో కందిపప్పు పెడితే ఏడు కూతలు వచ్చాక కూడా పలుకు పలుకులుగానే ఉంది. ఆ రాత్రి అందరం పెరుగన్నం, మా అత్తగారు కట్టిచ్చిన గోంగూర పచ్చడి. ఆ ఇల్లూ వద్దనుకున్నాం. ఒక్క రాత్రికి 1,500 అడిగారు, నెలన్నర అద్దె పోగొట్టుకోవడం కంటే అది చాలా చవక.

ఒక రాత్రి ఉంటే ఇంకా చాలా బయటపడతాయి. మరిదిగారు రాత్రి ఎనిమిదింటికి పడగ్గదిలోంచి ఆఫీసు వీడియో కాల్ మాట్లాడి చూశారు. వరండాలో నాలుగు గీతలు చూపించిన ఫోను, గోడ వెనక్కి వెళ్ళగానే మూగబోయింది. రెండు కంపెనీల సిమ్ములు పెట్టుకుని, రెండూ రాత్రిపూట చూడండి. పగటి సిగ్నల్‌ని నమ్మొద్దు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు లాగుతుందో అడగడం కాదు, మెయిన్ ఆఫ్ చేసి చూడాలి. దోమల సంగతి సరే సరి.

ఉప్పుగాలి ఇంటిని ఎలా తింటుందో చూడటానికి కిటికీ గ్రిల్లు ఒక్కటి చాలు. రంగు కొత్తగా వేసి ఉంటే ఊచ కింది భాగాన్ని గోటితో గీకండి. పొరలు పొరలుగా ఊడొస్తే ఆ ఇంట్లో స్విచ్చుబోర్డుల స్క్రూలు, గీజర్ తీగలు కూడా అదే స్థితిలో ఉంటాయి. పిల్లలున్న ఇల్లు, గీజర్ విషయంలో మొహమాటం వద్దు, ఎలక్ట్రీషియన్‌కి ఓ మూడొందలిచ్చి చూపించండి.

ఒడ్డుకి మరీ దగ్గరగా ఎందుకు ఇళ్ళు తక్కువున్నాయని మరిదిగారు అడిగారు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు అని కేంద్రం పెట్టినవి ఉన్నాయి. పల్లె తీరాల్లో చాలాచోట్ల పోటు నీళ్ళు చేరే గీత నుంచి 200 మీటర్ల వరకు కొత్త కట్టడాలకి అనుమతి ఉండదు. ఒడ్డునే కొత్త ఇల్లు చూపిస్తున్నారంటే కాగితాలు అడగాల్సిందే. మేం తీసుకున్నది సూర్యలంక రోడ్డు నుంచి లోపలికి, సముద్రానికి మూడు కిలోమీటర్లు. స్కూటీ మీద ఎనిమిది నిమిషాలు. అలల చప్పుడు వినపడదు, నిజమే. అందరూ నిద్రపోతారు కూడా. ఒకట్రెండు రాత్రులు సముద్రం ముందే ఉండాలనిపిస్తే టూరిజం వాళ్ళ హరిత రిసార్ట్ సూర్యలంకలో ఉండనే ఉంది. శని, ఆదివారాలు తప్పించి వెళ్ళండి.

ఎప్పుడు వెతకాలి అన్నది మాకు దెబ్బతగిలాక తెలిసింది. జనవరి మొదట్లో వెళ్తే తాళం వేసిన ప్రతి ఇంటికీ ఒకే జవాబు: "సంక్రాంతికి పిల్లలొస్తారమ్మా, ముక్కనుమ దాకా కుదరదు." సరే, పండగ వెళ్ళాక మేస్టారింటికి వెళ్తే వాళ్ళావిడ "పుష్యమాసం, శూన్యమాసం కదమ్మా, మాఘం రాగానే దిగండి" అన్నారు. "పిన్నిగారూ, గృహప్రవేశం కాదు, నెలన్నర చుట్టాల్లా ఉండి వెళ్తారు" అన్నా. ఆవిడ వినలేదు. ఆ రెండు వారాలూ మా ఇంట్లోనే గడిపారు. తీరా దిగిన రోజు పాలు పొంగించమని ఆవిడే కొత్త గిన్నె ఇచ్చారు, నెలన్నర కాపురానికి. మా చెల్లెలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, రెండేళ్ళలో ఏ ఊళ్ళోనూ ఎవరూ అలా అడగలేదట.

నన్నడిగితే సముద్రం దగ్గర ఉండటానికి మాఘ, ఫాల్గుణ మాసాలే బాగు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల భయం. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తీరం దాటింది సరిగ్గా బాపట్ల దగ్గరే. ఆ నెలల్లో తీసుకోక తప్పకపోతే "తుపాను హెచ్చరిక వచ్చి ఖాళీ చేయాల్సి వస్తే మిగిలిన రోజుల అద్దె తిరిగివ్వాలి" అని కాగితంలో రాయించుకోండి. కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ సముద్ర స్నానాలకి జనం విరగబడతారు, ఆ రోజు బీచ్ రోడ్డు ఎక్కకండి. ఎండాకాలం పిల్లలకి సెలవులు కదా అని ఏప్రిల్, మే పెట్టుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఒడ్డున కూర్చుని తాజా చేపలు తినొచ్చని వెళ్తే చెరువు చేపే గతి.

ఓనర్లతో మాట్లాడటం ఒక కళ. "ఊరూరా తిరుగుతారా? అంటే ఏం చేస్తారమ్మా?" అని మొహం అదోలా పెట్టినవాళ్ళు నలుగురు. ఇద్దరు చుట్టూ తిప్పి మా కులం అడిగారు. ఆ ఇళ్ళు నేనే వద్దన్నా. మేస్టారు మాత్రం పిల్లల్ని ఎక్కాలడిగారు. పెద్దవాడు పదమూడో ఎక్కం తప్పులేకుండా చెప్పాడు, అద్దె 14,000 నుంచి 12,000కి దిగింది. మన గురించి ముందే చెప్పేయాలి: ఎంతమంది, మాంసం వండుతారా లేదా, చుట్టాలు ఎన్నిసార్లు వస్తారు. తర్వాత తెలిస్తే గొడవ.

కాగితం మాత్రం తప్పనిసరి. 100 రూపాయల స్టాంపు పేపరు మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసిన రోజే తిరిగిస్తారా, కరెంటు ఎవరు కడతారు, ఇవన్నీ రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి.  ఆధార్ జిరాక్స్ ఇస్తే దాని మీద "ఈ ఇంటి అద్దె కోసం మాత్రమే" అని అడ్డంగా రాసివ్వండి. దిగిన రోజే మీటర్ రీడింగ్ ఫొటో తీసి ఓనరుకి వాట్సాప్ చేయండి. గోడ మీద మరకలు, పగిలిన గచ్చు కూడా.

సముద్రం గురించి పెద్దగా చెప్పను, ఒక్కటి తప్ప. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, ముందురోజు పిల్లలు ఆడుకున్న చోటే మర్నాడు నడుం లోతు ఉండొచ్చు. వాడరేవు, రామాపురం ఒడ్డున మునిగిపోయినవాళ్ళ వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. చేపలు పట్టే వాళ్ళని రోజూ అడిగి, వాళ్ళు చూపించిన చోటే దిగండి. మా పిల్లలకి మేం పెట్టిన రూలు మోకాలు దాటకూడదని. ఏదన్నా అయితే 108, సముద్రంలో ఆపద అయితే కోస్ట్‌గార్డ్ 1554.

వాన పడి బీచ్‌కి వెళ్ళలేని రోజుల కోసం ఓ మాట. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పక్కనే జీడిపప్పు బట్టీలు. చీరాల్లో కుప్పడం చీరలు నేసే మగ్గాలు. చీరాల అంటే తాత్కాలిక ఇళ్ళకి పెట్టింది పేరండోయ్. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరు ఖాళీ చేసి, ఊరవతల రామనగర్ అని పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. ఇది చెబితే మా మరిదిగారు "వదినగారూ, మా కంటే ముందే ఉన్నారన్నమాట" అని నవ్వారు.

ఏం తీసుకెళ్ళాలంటే: దోమతెరలు, మీ కుక్కర్, గట్టి మూతల డబ్బాలు. అక్కడ ఉప్పు చెమ్మగిల్లిపోతుంది, అప్పడాలు మెత్తబడతాయి, మన గుంటూరు కారం కూడా గడ్డకడుతుంది, అరకేజీకి మించి మోసుకెళ్ళొద్దు. ఇనుప అట్లకాడ వద్దు. స్కూటీ స్టాండు కింద పెట్టడానికి ఒక చెక్కముక్క ఉంచుకోండి, లేకపోతే ఇసుకలో దిగబడి బండి పడిపోతుంది. మాది రెండుసార్లు పడింది, అద్దం పోయింది.

ఖాళీ చేసేటప్పుడు ఓనరు ఎదురుగానే మీటర్ చూసి లెక్క తేల్చుకోండి. మేస్టారు అడ్వాన్స్‌లో 180 రూపాయలు పట్టుకున్నారు, పిల్లలు దొరువులో పారేసిన బకెట్టుకి. న్యాయమే. బళ్ళు, సైకిళ్ళు ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి చైనుకి నూనె వేయండి. మేం రెండ్రోజులు బద్ధకించేసరికి చిన్నదాని సైకిల్ చైను అప్పటికే ఎర్రబారింది.